చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం

తెర మీద కుడి మూలన అరవై అన్న అంకె యాభై తొమ్మిది అయింది. అంతే. గంట మోగలేదు, "ఇక మొదలెట్టండి" అని ఎవరూ అనలేదు, అద్దాల తలుపు అవతల మంచినీళ్ళ డబ్బా ఒకసారి గుడగుడమని ఊరుకుంది. ఇరవై రెండేళ్ళు వార్డులో నర్సుగా తిరిగిన మనిషికి ఏ పనైనా ఎవరో ఒకరు కేకేస్తేనే మొదలవుతుంది. ఇంత మెత్తగా మొదలయ్యే పని ఆమె ఎరగదు. కాళ్ళ కింద తివాచీ కూడా మెత్తగానే ఉంది, అడుగు వేస్తే చప్పుడు కాదు, ఇక్కడ మనుషులు నడిచొస్తారో తేలుతూ వస్తారో చెప్పడం కష్టం. పక్క కుర్చీలో మందుల కొట్లో పనిచేసి వచ్చిన పిల్ల అప్పుడే కీబోర్డు మీద వేళ్ళు టపటపలాడిస్తోంది, గట్టిగా పాతికేళ్ళుండవు. ఆ అవతల ల్యాబులో పనిచేసిన పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు, ఆ అద్దాలు అరిగిపోయేలా ఉన్నాయి. ముగ్గురు మనుషులు, ఒక్క ఉద్యోగం, ఒక గంట. ఆమెకి ఇది మూడో ఇంటర్వ్యూ. ఇది కూడా పోతే నాలుగోదానికి పట్టుకెళ్ళడానికి తన దగ్గర మొహం మిగల్లేదని పొద్దున చెప్పులేసుకుంటున్నప్పుడే తేల్చుకుంది.

పని చెప్పుకోడానికి చిన్నదే. ఎప్పుడో ఆస్పత్రికి వచ్చి వెళ్ళిపోయిన రోగుల కేస్‌షీట్లు స్కాన్ చేసి పంపిస్తారు. కూర్చుని వాటిని చదవాలి, అడిగిన వివరాలు ఏరి ఫారంలో గళ్ళు నింపాలి. ఎన్నింటికి వచ్చాడు, ఏం మందిచ్చారు, ఎప్పుడిచ్చారు, చివరికి ఎలా వెళ్ళాడు. రోగి ఉండడు, రక్తం ఉండదు, వాసన ఉండదు, "సిస్టర్, సిస్టర్" అన్న పిలుపుండదు. కాయితం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఆమె వచ్చింది దానికోసమే. ఏడాదిగా భర్త ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. పక్షవాతం వచ్చి కుడికాలు ఈడుస్తాడు, కుడిచెయ్యి సగమే మాట వింటుంది, మాటలు ఒకదాని చోట ఒకటి వస్తాయి. చెంచా కావాలంటే దువ్వెన అడుగుతాడు, దువ్వెన కావాలంటే అసలు అడగడు. ఎదురింటావిడ మధ్యాహ్నం ఒకసారి తొంగిచూసి పోతుంది. పోయిన నెల ఆవిడ చూసేసరికి ఆయన స్నానాలగదిలో పడి ఉన్నాడు, ఎంతసేపటినుంచో ఆయనకే తెలీదు, కుళాయి మాత్రం పోతూనే ఉంది. "ఇంకోసారి పడితే లేవడు తల్లీ" అని ఆవిడ మొహం మీదే అనేసింది, మంచికే అంది. డ్యూటీ మార్చమని హెడ్ నర్సు కాళ్ళావేళ్ళా పడితే, "పగలెళ్ళినా రాత్రెళ్ళినా ఆయన ఒక్కడే కదా ఉంటాడు" అంది హెడ్ నర్సు, అందులో అబద్ధమేం లేదు. కాబట్టి ఈ ఉద్యోగం రావాలి. వస్తే బాగుండు అనుకోవడం కాదు, రావాలి.

మొదటి ఇంటర్వ్యూ తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గుండెపోటు కేసు ఇచ్చారు. వచ్చిన వెంటనే ఆస్పిరిన్ ఇచ్చారా అని ఒక గడి. ఇచ్చారు అని రాసింది. ఎదురుగా కూర్చున్నాయన ఆ షీటంతా కిందికీ పైకీ జరిపి జరిపి, "ఎక్కడుందండీ?" అన్నాడు. ఎక్కడా లేదండీ, అంది. "మరి?" ఇవ్వకుండా ఎవరుంటారండీ గుండెపోటుకి? "మీరు చూశారా?" ఇరవై రెండేళ్ళు చూశాను, అంది రోషంగా. ఆయన మర్యాదస్తుడు, నవ్వలేదు, టీ తాగి వెళ్ళమన్నాడు. రెండోసారి డాక్టరు కుడికాలని, నర్సు ఎడమకాలని రాస్తే మీరేం చేస్తారని అడిగారు. వార్డుకి ఫోన్ చేసి కనుక్కుంటాను, అంది. గదిలో ఉన్న ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఆ రోగి వెళ్ళిపోయి నాలుగేళ్ళయిందండీ, ఆ వార్డు కూడా ఎత్తేశారు." ఎత్తేసిన వార్డులో ఎవరూ లేని బల్ల మీద టెలిఫోను మోగుతున్నట్టు, ఎవరూ ఎత్తనట్టు ఆమెకి ఆ వారమంతా కల. అసలు జబ్బు ఆమెకి అర్థమైంది, అర్థమవడానికి రెండు ఉద్యోగాలు పోవలసివచ్చింది. ఆమె ఎక్కువ తెలిసిన మనిషి. కాయితంలో ఖాళీ కనబడితే చాలు, చెయ్యి ఊరుకోదు, తనకి తెలిసింది పెట్టి పూడ్చేస్తుంది. ఈ పనికి పూడ్చేవాళ్ళు పనికిరారు. ఖాళీని ఖాళీగా చూసి, ఖాళీ అని రాసి, కాఫీ తాగగలిగినవాళ్ళు కావాలి.

యాభై రెండు. రోగి పేరు మీద నల్ల పట్టీ. వయసు యాభై ఎనిమిది, మగ. ఆమె కళ్ళముందు పేరు లేని మనిషి వరండాలోంచి తోపుడు మంచం మీద వస్తున్నాడు, చక్రాల చప్పుడు లేదు, మొహం మీద కూడా ఆ నల్ల పట్టీయే. ఆమె ఒక పేజీ కిందికి జరిపింది, వచ్చిన సమయం ఎనిమిది ఇరవై రెండు, రాసింది, బీపీ ఎంత, రాసింది, కుడిపక్క చేయీ కాలూ పడిపోయాయి, మాట లేదు, ఆ దగ్గర వేళ్ళు కాస్త నెమ్మదించాయి. పక్షవాతం కేసు. ఏం చేస్తాం, పక్షవాతం ప్రపంచంలో ఆమె ఇంట్లో ఒక్కచోటే వచ్చిందా, రోజుకి ఎన్ని వేలమందికి వస్తుందో. రాసింది. తలకి స్కాన్ తీసిన సమయం, రాసింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారా, ఇచ్చారు, ఈసారి నిజంగానే కాయితం మీద ఉంది, రెండుసార్లు చూసుకుంది, తొమ్మిదీ ఐదుకి, సంతకం కూడా ఉంది. ఇలాగే పోతే ముప్పావుగంటలో అయిపోతుంది. ఇలాగే పోలేదు. పదకొండో గడి తెల్లగా, మిగతా గళ్ళలాగే అరంగుళం ఎత్తుతో, తన వంతు కోసం చూస్తోంది: చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం.

ఈ గడి ఎందుకో నర్సుకి వేరే చెప్పక్కర్లేదు. మెదడులో గడ్డ కట్టాక నాలుగున్నర గంటల్లోపయితే ఆ ఇంజెక్షన్ ప్రాణం పోస్తుంది. దాటాక ఇస్తే ప్రాణం తీసినా తియ్యచ్చు, లోపల రక్తం చిప్పిల్లుతుంది. గడ్డ ఎప్పుడు కట్టిందో చూసినవాడు లేడు కాబట్టి రోగి చివరిసారి మామూలుగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు, అది అడుగుతారు. అడిగేది ఇంట్లోవాళ్ళనే. సాధారణంగా భార్యని. ఆమె కిందికి జరిపింది. అంబులెన్సు కాయితం: రాత్రి పదింటికి పడుకున్నారు, ఉదయం ఏడున్నరకి చూస్తే మాట లేదు, అని భార్య చెప్పింది. ఇంకా కిందికి జరిపింది. అత్యవసర విభాగం డాక్టరు రాత, కోడిగీతలే గాని ఆమెకి అలవాటే: ఉదయం ఆరున్నరకి లేచి మొక్కలకి నీళ్ళు పోశారు, మామూలుగా మాట్లాడారు, అని భార్య చెప్పింది. ఒకే భార్య. మధ్యలో ఒక అంబులెన్సు ప్రయాణం. ఆ దారిలో ఎవరో చెప్పి ఉంటారు, అమ్మా, రాత్రినుంచి ఇలా ఉంటే ఆ సూది వెయ్యరమ్మా, అని. ఆవిడ కిటికీలోంచి వెనక్కి పోతున్న దుకాణాలు చూస్తూ చూస్తూ, ఒక తెల్లవారుజాముని తయారుచేసుకుంది. అందులో భర్తని లేపింది. చేతికి నీళ్ళచెంబిచ్చింది. మొక్కలు కూడా పెట్టింది.

ఆమెకి తెలుసు. ఆవిడ అబద్ధం చెప్పిందని కాయితం మీద లేకపోయినా ఆమెకి తెలుసు, ఎందుకంటే ఏడాది కిందట తన భర్త పడిపోయినప్పుడు ఆమె పెట్టింది పేపరు. "పేపరొచ్చిందా అని అడిగారండీ, ఎనిమిదింపావుకి. నేను డ్యూటీనుంచి అప్పుడే వచ్చాను." అడిగిన డాక్టరమ్మ చిన్నపిల్ల, చెవిపక్క జుట్టు ఊడిపోయి ఉంది, కళ్ళకింద నలుపు. "కచ్చితంగానా అమ్మా? ఎనిమిదింపావా?" కచ్చితంగా. "స్పష్టంగా మాట్లాడారా?" స్పష్టంగా. ఎంత తేలిగ్గా వచ్చింది మాట. వార్డులో ఆమెని టైమక్క అంటారు. డ్రిప్పు పెడితే టైము, తీస్తే టైము, రోగి గుక్కెడు నీళ్ళు తాగితే టైము రాస్తుంది. కొత్తగా చేరిన నర్సులు గడియారం లేకపోతే ఆమెనే అడుగుతారు. అలాంటి టైమక్క ఎనిమిదింపావు అంటే గోడగడియారం కూడా దిద్దుకోవాలి. డాక్టరమ్మ రాసుకుంది. ఆ రోజు ఎనిమిదింపావుకి ఆయన ఏమీ అడగలేదు. గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు, ఆమె గుమ్మంలోంచే చూసింది, చూసి, ఇంకా అలకేనా, ఉండు, నేనూ చూస్తాను ఎన్నాళ్ళుంటావో, అనుకుని తలుపు దగ్గరగా వేసి స్నానానికి వెళ్ళింది. తాపీగా తలంటుకుంది. కాఫీ కలుపుకుని వంటింట్లో నిలబడి తాగింది, ఆయనకి కలపలేదు, అది కూడా పంతమే. తొమ్మిదిన్నర దాటాక గదిలో గ్లాసు పడిన చప్పుడు. వెళ్ళి చూస్తే ఆయన ఎడమచేత్తో గాలిలో దేనికోసమో తడుముతున్నాడు, మూతి ఒకపక్కకి జారిపోయి ఉంది, కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.

నలభై ఒకటి. పక్కపిల్ల కుర్చీ కిర్రుమంది. అవతల పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకున్నాడు ఎట్టకేలకి. తెర మీద గడిలో సన్నగీత వెలుగుతోంది ఆరుతోంది, వెలుగుతోంది ఆరుతోంది, దానికి కోపం లేదు, తొందర లేదు. ఆ పొద్దుటికి మొగుడూ పెళ్ళాలకి మూడు రోజులనుంచి మాటల్లేవు. కారణం మాత్రలు. ఆయన సొరుగులో దారంకండె కోసం వెతుకుతుంటే బీపీ మాత్రల అట్టలు దొరికాయి, నెలరోజులవి, ఒక్కటి చించలేదు. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు ఆమె వేసుకోమని గుర్తుచేసి వెళ్తే, రోజూ ఆయన వేసుకున్నానని చెప్తే, రోజూ ఆమె నమ్మితే. అట్టలు తెచ్చి బల్ల మీద పేర్చింది. ఆయన తప్పు చేసినవాడిలా తలొంచుకుంటాడనుకుంది. తలెత్తి, "వార్డులో ఉన్న పేషంట్లు చాల్లేదా నీకు? ఇంట్లో కూడా ఒకడు కావాలా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు లిఫ్టుల మెకానిక్కుగా చేసినవాడు, పద్నాలుగో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడేవాడు, గోరంత మాత్ర మింగడానికి పౌరుషం అడ్డమొచ్చింది. ఆమెకి ఒళ్ళు మండింది. "సరే. మీ ఇష్టం. రేపేదన్నా అయితే నన్ను పిలవకండి" అంది. అనేసింది. మనిషన్నాక కోపంలో ఏదో అంటాం, అన్నవన్నీ జరిగితే ఇంటికొక శవం లేస్తుంది. కానీ ఆ మాట జరిగినంత పని చేసింది. ఆయన పిలవలేదు. పిలవడానికి మాట లేక పిలవలేదో, ఆమె వద్దంది కాబట్టి మాటున్నంతసేపూ పిలవలేదో, ఇప్పటికీ ఆ సంగతి అడిగే ధైర్యం ఆమెకి చాలలేదు.

సరే, ఎనిమిదింపావు అబద్ధం. నిజం ఎంత? ఆ గడి తనకే ఇచ్చి రాయమంటే ఏం రాస్తుంది? ముందురోజు సాయంత్రం ఏడు, డ్యూటీకి బయల్దేరినప్పుడు. రాయబోయింది, మనసులోనే, వేలు ఆగింది. ఏడింటికి ఆయన హాల్లో కుర్చీలో ఉన్నాడు, ఆమె సంచీ భుజాన వేసుకుంది, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది, తాళంచెవి తీసుకుంది, చెప్పులు చూసింది, తాళంచెవి చూసింది. ఆయన్ని చూడలేదు. బాగున్నాడో లేదో ఎలా రాస్తుంది? అంతకుముందు మధ్యాహ్నం భోజనం పెట్టింది, ఎదురుగానే, కంచం చూసింది, అన్నం మీద పడుతున్న గరిటె చూసింది. అంతకుముందు రోజూ అంతే. ఆ ముందురోజు మాత్రలు చూసింది. ఆమె మెట్లు దిగుతున్నట్టు వెనక్కి వెనక్కి పోతోంది, ప్రతి అంతస్తులోనూ ఒక తలుపు తీసి లోపలికి చూస్తోంది, ఆయన ఉన్నాడు గాని వీపే ఉంది, లేదా చొక్కా ఉంది, లేదా దుప్పటి. ఆ నెలలో రెండుసార్లు బీపీ చూసింది, చేతికి పట్టీ కట్టి ముల్లునే చూసింది, ముల్లు ఎగిరెగిరి దిగింది, దాని వెనక ఒక మొహం ఉండాలి కదా. ఉండే ఉంటుంది. ఉందని ఆమె ఏ కాయితం మీదా రాసుకోలేదు. నైట్ డ్యూటీలు చేసేవాళ్ళ ఇళ్ళలో ఇంతే, ఒకళ్ళు నిద్రపోతుంటే ఒకళ్ళు వస్తారు, ఒకళ్ళు కాఫీ తాగుతుంటే ఒకళ్ళు పళ్ళు తోముకుంటారు, సంసారం సాగిపోతూనే ఉంటుంది, ఎవరూ ఎవర్నీ చూడనక్కర్లేదు. రోజుకి నలభైమంది మొహాలు వంగి వంగి చూసే మనిషికి ఇంటికొచ్చాక ఇంకో మొహం చూడాలంటే కళ్ళు మండేవి, ఇదొక సాకు, కానీ నిజమైన సాకే.

అప్పుడు దొరికింది. ఎక్కడినుంచి ఊడిపడిందో, ఈ గదికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒక ఆదివారం ఆయన కళ్ళజోడు మర్చిపోయి పనికి వెళ్ళాడు. ఇవ్వడానికి ఆమె ఆ భవంతికి వెళ్ళింది, నాలుగో అంతస్తులో ఉన్నాడన్నారు, ఎక్కింది రొప్పుకుంటూ. వరండాలో ఎవరూ లేరు. లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల లిఫ్టు లేదు, నల్లటి గుంట, గ్రీజు వాసన, అడుగునుంచి చల్లటి గాలి. అంతలో ఆ గుంటలోంచి, నేలకి సరిగ్గా సమానంగా, ఆమె కాలివేళ్ళ దగ్గర, ఒక తల లేచింది. నుదుటి మీద మసి, పళ్ళమధ్య టార్చిలైటు. ఆయన లిఫ్టు పైకప్పు మీద నిలబడి ఉన్నాడు. టార్చి చేతిలోకి తీసుకుని, "ఏమేవ్, ఇంత దూరం వచ్చి కాళ్ళు చూపిస్తున్నావేంటి?" అన్నాడు, మొహమంతా నవ్వు. ఆమె కూడా అక్కడే నేల మీద చతికిలబడి కళ్ళజోడు ఆయన ముక్కు మీద తనే పెట్టింది, చెవులకి తగిలించింది, అద్దం మీద వేలిముద్ర పడితే చీరకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఆయన తల కదపకుండా చిన్నపిల్లాడిలా పెట్టించుకున్నాడు. అది. అప్పుడు చూసింది. అప్పుడు ఆ మనిషి బాగున్నాడు, నిస్సందేహంగా, సంతకం పెట్టమంటే పెడుతుంది. ఎన్నింటికి? తెలీదు. ఏ నెల? తెలీదు. పక్షవాతానికి ఎన్నాళ్ళ ముందు, ఒక ఏడా, రెండేళ్ళా? టైమక్కకి టైము తెలీదు. నాలుగున్నర గంటలట. నవ్వొచ్చింది ఆమెకి, నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, పక్కపిల్ల తలతిప్పి చూసింది, ఏదో కళ్ళలో పడిందన్నట్టు సైగ చేసింది.

ఇరవై ఆరు. ఈ కేసు చివర ఏమైందో చూద్దామని, చూడక్కర్లేకపోయినా, చూడకుండా ఉండలేక, ఆఖరి పేజీకి వెళ్ళింది. రెండో రోజు సాయంత్రం తలనొప్పి, వాంతి. మెదడులో రక్తస్రావం. మూడో రోజు ఉదయం నాలుగూ యాభైకి. దానికీ ఒక గడి ఉంది, చనిపోయిన సమయం. ఆమె చేతులు కీబోర్డు మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ మొక్కలు పెట్టింది, ఈమె పేపరు పెట్టింది, ఆవిడ మనిషి పోయాడు, ఈమె మనిషి ఈ వేళప్పుడు కిటికీ దగ్గర కూర్చుని చెంచాని దువ్వెన అంటూ ఉన్నాడు. తేడా ఏముంది? ఏమీ లేదు. ఆ రోజు పదకొండున్నర ప్రాంతంలో తన భర్తకి సూది ఎక్కుతుంటే ఆమె మంచం పక్కన నిలబడి పావుగంటకోసారి కంటిపాపలు చూసింది. నర్సు గనక చూస్తోందని అందరూ అనుకున్నారు. ఆమె చూస్తున్నది తను చంపేసిందో లేదో. రాత్రి ఎప్పుడో కట్టిన గడ్డ అయితే, మెదడులోకి రక్తం కారితే, చంపింది ఆ పిల్ల డాక్టరు కాదు, మందు కాదు, ఈమె. తెలిసి చేసింది. అంబులెన్సులో ఎవరో చెప్తే విన్న ఆడది కాదు, ఇరవై రెండేళ్ళు ఆ లెక్క తెలిసిన మనిషి. సూది వెయ్యకపోతే జీవితాంతం మంచం, వేస్తే బతకడమో చావడమో. ఆయన్ని అడక్కుండా ఆయన ప్రాణం పెట్టి పందెం కాసింది. గెలిచింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. గెలిచిన అబద్ధానికి కూడా నిద్ర పట్టదని ఎవరికి చెప్పుకుంటుంది? ఆయనకే చెప్పాలి. ఏడాదైంది, చెప్పలేదు.

పంతొమ్మిది. మిగతా గళ్ళన్నీ నింపింది, చకచకా, చేతులు తమంతట తామే చేసుకుపోయాయి. మళ్ళీ పదకొండు దగ్గరికొచ్చింది. రాత్రి పది అని రాస్తే నిజం రాసినట్టు, ఆమెకి తెలిసిన నిజం. ఆ ఇంజెక్షన్ వెయ్యకూడని ఇంజెక్షన్ అని తేలుతుంది, ఎక్కడో ఎవరో లెక్కలు తీసేవాళ్ళ పట్టికలో ఒక తప్పు చేరుతుంది, ఆ భార్య చేసింది బయటపడినట్టవుతుంది. ఈమెకి ఏ సంబంధమూ లేని మనిషి మీద తన శిక్ష వేసి చేతులు కడుక్కున్నట్టవుతుంది. ఎందుకో చెయ్యి అటే పోతోంది. కాయితంలో ఉన్నదాని వెనక ఉన్నది చూసే చెయ్యి, ఆస్పిరిన్ ఇచ్చారని రాసిన చెయ్యే ఇది. పక్కన పెట్టిన నిబంధనల పుస్తకం తెరిచింది. ఒకే విషయానికి రెండు సమయాలుంటే అంబులెన్సు కాయితం కంటే డాక్టరు రాసింది ముందు తీసుకోవాలి, అంతే ఉంది, ఎవరు నిజం చెప్పారో తేల్చమని ఏ పేజీలోనూ లేదు. ఆమె ఆరున్నర అని రాసింది. రాశాక గదిలో ఏమీ మారలేదు. ఆ ఇంటి వెనక ఎక్కడో తెల్లవారింది, పేరు లేని మనిషి లుంగీ ఎగ్గట్టి మొక్కలకి నీళ్ళు పోశాడు, ఒక కుండీ తర్వాత ఒక కుండీ, తొందర లేకుండా. ఇకమీదట ఎవరు అడిగినా ఆయన ఆ పొద్దున లేచినట్టే.

గంట అయ్యాక ఒక్కొక్కళ్ళనీ లోపలికి పిలిచారు. మందుల కొట్టు పిల్ల పది నిమిషాల్లో వచ్చేసింది, ల్యాబు పెద్దమనిషి అయిదు నిమిషాల్లోనే. లోపల ఒకావిడే ఉంది, ఈ విభాగానికి పెద్దమేడమ్, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ముందు తెర, పక్కన సగం తిన్న బిస్కట్ల పొట్లం. కూర్చోమంది.

"అన్నీ సరిపోయాయండీ. మీ ముగ్గురిలో మీ ఒక్కరివే. కానీ ఒక్క గడి దగ్గర దాదాపు ఇరవై నిమిషాలు ఆగారు. మిషను చెప్పేస్తుంది అన్నీ." పెద్దమేడమ్ బిస్కట్టు ముక్క నోట్లో వేసుకుంది. "ఎందుకాగారు?"

"రెండు టైములున్నాయి మేడమ్."

"పుస్తకంలో ఉంది కదా ఏది తీసుకోవాలో. అరనిమిషం పని. నర్సులు ఇక్కడే పడిపోతారు, మీకు చెప్పకూడదు గానీ చెప్తున్నా, ఈ కేసు అందుకే ఇస్తాం. ఇంతకీ ఆ భార్య చెప్పింది నమ్మారా మీరు?"

నమ్మలేదని చెప్తే ఉద్యోగం పోతుందేమో. నమ్మానంటే ఈవిడ నమ్మదు. ఏసీ గాలికి బల్ల మీద కాయితం ఒకటి లేచి పడింది. ఇంట్లో కుళాయి పోతున్న చప్పుడు ఇక్కడికి వినిపించినట్టయింది.

"నేను నమ్మానా లేదా అన్నదానికి గడి లేదు మేడమ్" అంది ఆమె. "ఆవిడ ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు. దానికీ లేదు" అంది.

పెద్దమేడమ్ నమలడం ఆపింది. చాలాసేపు ఆమెని చూసింది, తెరని కాదు. "లేకపోవడమే మంచిదండీ" అంది చివరికి. "ఉంటే మనం సాయంత్రానికి ఇళ్ళకి పోలేం. వచ్చే వారం చేరండి. మొదటి వారం ఇక్కడ కూర్చోవాలి, తర్వాత ఇంటినుంచే."

లేచి నమస్కారం పెట్టి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "మేడమ్, ఆ భార్య ఏమైందో..."

"ఆ కాయితం మనకి రాదండీ" అంది పెద్దమేడమ్.

మెట్ల మలుపులో ఎవరూ లేరు. గోడకి ఆనుకుని ఇంటికి ఫోన్ చేసింది. తొమ్మిదిసార్లు మోగింది, ఆయన కుర్చీలోంచి లేవాలి, ఎడమచెయ్యి చాపాలి, ఆమె ఓపిగ్గా లెక్కపెట్టుకుంది. ఎత్తాడు. ఊపిరి వినిపించింది. "వచ్చిందండీ ఉద్యోగం" అంది. ఆయన ఏదో మాట కోసం తడుముకుని, "భేషు. తలుపు తెరిచావు" అన్నాడు, సాధించావు అనబోయి ఉంటాడు. ఆమె నవ్వింది. ఇక్కడితో పెట్టేసి బస్సెక్కొచ్చు. పెట్టెయ్యలేదు.

"ఒకటి చెప్పాలండీ. ఆ రోజు ఎనిమిదింపావుకి మీరు నన్నేమీ అడగలేదు. పేపరొచ్చిందా అని అడిగారని ఆ డాక్టరమ్మతో చెప్పాను. అబద్ధం. మీరు ఎప్పట్నుంచి అలా ఉన్నారో నాకు తెలీదు. తెలీకుండానే సూది వేయించాను. పోయేవారు మీరు."

ఆమె గోడని పట్టుకుంది. కింద ఎక్కడో తలుపు పడింది.

"విన్నాను" అన్నాడాయన.

"ఏం విన్నారు?"

"అప్పుడే. పక్కనే కదా... బల్ల మీద... కాదు, మంచం. మంచం మీద ఉన్నా. అన్నీ వినబడుతున్నాయి. నువ్వు చెప్పావు. ఆ పిల్ల నా వైపు తిరిగింది. పెద్దాయనా, అడిగావా, అంది. అవును అందామని..." ఆగిపోయాడు. ఆయన వెతుక్కుంటున్నాడు, ఆమె అందించలేదు, డాక్టర్లు అందించొద్దన్నారు. "అవును అనే మాట దొరకలేదే. ఎంత వెతికినా. అందుకని తల ఊపాను."

"ఊపారా?"

"ఊపాను. గట్టిగానే ఊపాను. ఆ పిల్ల రాసుకుంది కూడా. నువ్వే ఎటో చూస్తున్నావు."

ఆమె గోడ వదిలి మెట్లు దిగసాగింది. "వచ్చేస్తున్నాను. కుర్చీలోనే కూర్చోండి, లేవకండి" అంది. "నేను ఎదురుగా కూర్చుంటాను. మళ్ళీ ఊపండి."